మూడో పిలుపు

లక్ష్మీరాజం నడుముకు ఎర్ర పట్టీ బిగించి, దాని మీది ఇత్తడి బిళ్ళను తువ్వాలతో రుద్ది, జగిత్యాల కోర్టు వరండాలో గొంతు సవరించుకున్నాడు. కోర్టు బంట్రోతు, పొట్టి మనిషి. మోకాళ్ల దగ్గర ఉబ్బిన ఖాకీ ప్యాంటు, బక్క మెడ. ముద్దాయిల పేర్లు మూడేసిసార్లు పిలవడమే ఏళ్ల తరబడి అతని బతుకు. లోపల ఏం జరిగినా పిలిచేవాడికి పాపం అంటదని అతని నమ్మకం.

ఇవాళ ఓదెలు కేసులో తీర్పు. బెయిలు మీదున్న ఆ సారంగాపూర్ కుర్రాడు పోలీసులు ఎంత కొట్టినా రైతుకూలీ సంఘం వదలనన్నాడు. "వానికి కన్విక్షన్ ఉన్నది" అని అతని వకీలు మురిసేవాడు. "కన్విక్షన్ పక్కా" అని సర్కారు వకీలు చేతులు రుద్దుకునేవాడు. నమ్మకమన్నా అదే మాట, నేరం రుజువైనా అదే మాటనట. ఇంగ్లీషువాడికి మాటలు కరువయ్యాయా అని లక్ష్మీరాజానికి ఒళ్లు మండేది.

ఓదెలు తల్లి ముత్తవ్వ ఒళ్లో గొంగడి పెట్టుకుని కూర్చుంది.

"గీ ఎండల గొంగడెందుకవ్వా?"

"జైల్ల సలి పెడ్తదట కొడుకా. శిక్ష పడనియ్యి. లోపలుంటే పానంతోనన్న ఉంటడు."

లక్ష్మీరాజం మొహం తిప్పుకున్నాడు. పొద్దున టీకొట్టు దగ్గర తెలిసిన కానిస్టేబుల్ చెవిలో వేసిన మాట అతను ఇంకా ఎవరికీ చెప్పలేదు. తీర్పుకని ఒకరోజు ముందే బయల్దేరిన ఓదెలును నిన్న పోలీసులు కోరుట్ల బస్టాండులోనే పట్టుకుని, అడవిలో కాల్చేశారు. కోర్టుకు కాగితం ఇంకా రాలేదు. "నీకెందుకే, పిలిచి ఊకో" అన్నాడు కానిస్టేబుల్.

పిలిచాడు. ఓదెలు పేరు విని ముత్తవ్వ గొంగడి అక్కడే పెట్టి లేచి గేటు వైపు చూసింది. రెండోసారి పిలిచాడు. ఆమె మెట్టు దిగింది. మూడోసారి పిలవకుండా ఉండాల్సింది. అయినా పిలిచాడు. థూ, పిలిచాడు!

"ఉన్నడయ్యా! అస్తున్నడు, బస్సు లేటైనట్టుంది" అని తల్లే పలికింది.

"గైరుహాజరు. వారంటు" అన్నాడు లోపల జడ్జి, తల ఎత్తకుండా.

"ఎవనికి సారూ వారంటు?" అంటూ లక్ష్మీరాజం లోపలికి వచ్చాడు.

ఇన్నేళ్లలో ఆ గదిలో అతను తన మాట ఒక్కటీ మాట్లాడలేదు. ఇప్పుడు కిటికీలు అదిరాయి.

"పోరన్ని నిన్ననే సంపిండ్రు! నాకెరికే. ఎరికుండే పిలిచిన. నా నేరం గూడ రాసుకోండ్రి!"

జడ్జి అతన్ని బయటికి గెంటించాడు.

గుమ్మంలో ముత్తవ్వ నిలబడి ఉంది. అన్నీ విన్నది. ఏడవలేదు.

"ఏ అడివిల కొడుకా?"

"తెల్వదవ్వా. పా, పోయి అడుగుదాం."

పట్టీ, బిళ్ళ అలాగే ఉండగా ఆమె వెంట గేటు దాటాడు.

కోర్టు మూసేవేళకు వరండాలో గొంగడి ఒక్కటే మిగిలింది, వేసిన మడత వేసినట్టే, కొత్త ఉన్ని వాసనతో.