పగటి నిద్ర

కుక్కర్ బుసకొట్టగానే జమున స్టవ్ కట్టేసింది. ఆ ఇంట్లో కుక్కర్ కూత వేసి నాలుగేళ్లు దాటింది. గోదావరిఖనిలో ఏ బొగ్గుబాయి కార్మికుడి ఇల్లయినా అంతే, నైట్ షిఫ్టు చేసొచ్చిన మగవాడు పడుకుంటే చీమ చిటుక్కుమనకూడదు. జైపాల్ పడుకున్నాడంటే పక్క క్వార్టర్ వాళ్లు కూడా వాకిట్లో బట్టలు ఉతకరు. అది మర్యాద.

నాలుగేళ్ల దీపకు ఇంకా మాట రాలేదు. మిక్సీ తిరిగితే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకుంటుంది. గౌను లోపలి కుట్టు తగిలినా నిప్పు మీద పడ్డట్టు ఏడుస్తుంది. జైపాల్ లేని వేళ పిల్ల ముందు టీవీ సౌండు తగ్గించమని జమున అడిగితే, "అన్నీ నువ్వు నేర్పిన వేషాలే" అంది అత్త ఐలవ్వ. కొడుకు నిద్రకు చప్పుడు ఆపితే మర్యాద, మనవరాలి చెవులకు ఆపితే వేషం. ఇదెక్కడి న్యాయమో ఎవరినడగాలి? జైపాల్ కష్టం జమునకు తెలియంది కాదు. బొగ్గు దుమ్ముతో కళ్లెర్రబడి వచ్చిన మనిషికి నిద్ర కావాలి. కానీ ఆ నిద్రకు వాడకట్టంతా కాపలా, ఈ పిల్లకు తనొక్కతే. పైగా అత్త ఓదార్పొకటి: "ఆడిపిల్లకు నోరు లేకుంటేనే నయం. నోరుండి నువ్వేం ఉద్ధరించినవ్?"

నిన్న కరీంనగర్‌లో మాటలు నేర్పే మేడం ఓపికగా చెప్పింది. "ఇది మీ తప్పు కాదమ్మా. కానీ రోజంతా పాపతో మాట్లాడాలి. చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువు పేరు పైకి చెప్పాలి. ఇంట్లో పాప ఎక్కువగా ఏం వింటుంది?"

జమున పాపను ఎత్తుకుని బస్సెక్కింది. ఇంటికొస్తే జైపాల్ అడిగింది ఒక్కటే. "ఏమన్నది? తల్లికే తెలివి లేదన్నదా?"

ఇప్పుడు కుక్కర్ మూత చేతిలోంచి జారి బండ మీద పడింది. దీప చెవులు మూసుకుంది. లోపల మంచం కిర్రుమంది. జమున మూత తీయడానికి వంగింది. దీప మెల్లగా దగ్గరికొచ్చింది. ఎన్నడూ మొహంలోకి చూడని పిల్ల తల్లి నోటి వైపే చూస్తూ, చిట్టి వేలు ఆమె పెదాల మీద పెట్టింది.

"ష్..."

"అయ్యో, బిడ్డకు మాటొచ్చింది" అని కేకేయబోయి, గుమ్మం దగ్గర కూర్చున్న ఐలవ్వ కొడుకు గుర్తొచ్చి గొంతు తగ్గించింది.

మేడం అడిగిన ప్రశ్నకు జవాబు అదే. రోజుకు వందసార్లు జమున పిల్లకు వినిపించింది ఆ ఒక్క శబ్దమే.

ఆ వేలిని ముద్దుపెట్టుకుని పెదాల మీంచి తీసేసింది. బుట్టలోంచి టమాట అందుకుంది.

"టమాట" అంది. మామూలు గొంతే. ఆ ఇంట్లో అది కేకలా వినిపించింది. "ఎర్ర టమాట, దీపా."

దీప చెవులు మూసుకోలేదు.

"ఏందే ఆ లొల్లి? పండుకోనియ్యవా?" లోపల్నుంచి జైపాల్.

ఐలవ్వ కళ్లురిమింది. జమున గొంతు తగ్గించకుండా ఉల్లిగడ్డ అందుకుంది.

"నీ నిద్ర రేపైనా వస్తది. దీనికి మాట ఇప్పుడు రాకుంటే ఇంకెప్పుడొస్తది? లేస్తే లెవ్వు. వచ్చి ఉల్లిగడ్డ పేరు నువ్వు చెప్పు."