ఒక ‘రాలు’ కోసం

యుద్ధానికి వెళ్ళింది మా ఆవిడ. నేను వెళ్ళలేదు. ఆవిడ గాయపడిన వాళ్ళను లారీలో ఎక్కించుకుని బాంబుల మధ్య నుంచి వెనక్కి తెస్తున్న రోజుల్లో, నేను దుకాణంలో కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతుండేవాణ్ణి. ఇందులో దాచుకోవడానికేమీ లేదు, మా వీధిలో అందరికీ తెలుసు. ఆవిణ్ణి డ్రైవరమ్మ అంటారు, నన్ను డ్రైవరమ్మ గారి టైలరు అంటారు. లారీ పక్కనే బాంబు పడి ఆవిడకు ఎడమ చెవి పోయింది. అందుకని ఏమైనా చెప్పాలంటే కుడిపక్కకు వెళ్ళి చెబుతాను. తిట్టాలంటే ఎడమపక్క నిలబడతాను.

ఈమధ్య ప్రభుత్వం కొత్త పథకం పెట్టింది. యుద్ధంలో పనిచేసిన వాళ్ళూ, వాళ్ళ జీవిత భాగస్వాములూ బస్సుల్లో, రైళ్ళలో ఉచితంగా తిరగవచ్చు. ఆవిడకు వస్తున్న పాత పింఛను కూడా ఇకమీదట ఆ కార్డు చూసే ఇస్తారన్నారు. ఇద్దరం ఫొటోలు ఇచ్చి వచ్చాం. కొన్నాళ్ళకు కార్డులు వచ్చాయి. నా ఫొటో కింద ‘మాజీ సైనికుడు’ అని ఉంది. ఆవిడ ఫొటో కింద ‘భార్య’ అని ఉంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చదివింది.

“భార్యనే, కాదనను. అది మీ దగ్గర. వీళ్ళ దగ్గర కాదు” అంది.

తప్పు సరిచేయించుకుందామని పింఛను ఆఫీసుకు బస్సెక్కాం. కండక్టరు నా కార్డు చూడగానే సెల్యూట్ కొట్టి, ముందు సీట్లో ఉన్నాయనను లేపి నన్ను కూర్చోబెట్టాడు.

“ఏ సరిహద్దులో చేశారు సార్?”

“నేను టైలర్ని బాబూ.”

“గొప్పవాళ్ళు ఇలాగే అంటారు సార్.”

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. మా ఆవిడ తన కార్డు బయటికి తీయలేదు. డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని, కమ్మీ పట్టుకుని నిలబడింది. నేను లేచి కూర్చోమన్నాను.

“మీరే కూర్చోండి సైనికుడు గారూ” అంది. ఆఫీసు వచ్చేదాకా ఇద్దరం నిలబడే వెళ్ళాం, సీటు ఖాళీగా ఉంది.

ఆఫీసులో గుమాస్తా కంప్యూటరు మా వైపు తిప్పి చూపించాడు. “ఇందులో రెండే మాటలున్నాయమ్మా. సైనికుడు, భార్య. మగవాళ్ళకి ఇది, ఆడవాళ్ళకి అది.”

“సైనికురాలు అని కొట్టండి.”

“కొట్టడానికి కుదరదు. ఉన్నవాటిలోంచి ఎంచుకోవడమే.”

“యుద్ధంలో నేను లేనా మరి?”

“ఎందుకు లేరు, మీ పాత కాగితాలన్నీ ఉన్నాయి. మాట లేదంతే. అయినా సార్‌కి లేని ఇబ్బంది మీకెందుకమ్మా? కందకు లేని దురద కత్తికెందుకు?”

“కందకు దురదగానే ఉందయ్యా” అన్నాను నేను.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ నెల పింఛను కూడా ఆగిపోయింది. కొత్త కార్డు ప్రకారం సైనికుణ్ణి నేను. నేనేమో ఎక్కడా పనిచేసినట్టు లేదు. కాబట్టి ఇద్దరిలో ఎవరికీ ఇవ్వడానికి లేదన్నారు. ఇంటద్దె, ఆవిడ మందులు, అన్నీ నా కుట్టుమిషను మీద పడ్డాయి. అయినా మా ఆవిడ ఆ ఆఫీసు మెట్లు ఎక్కడం మానలేదు. వెళ్ళిన ప్రతిసారీ టికెట్ కొనుక్కునే వెళ్ళింది.

మా పెద్దల్లుడు నచ్చజెప్పబోయాడు. “ప్రయాణం ఇద్దరికీ ఉచితమే కదా అత్తయ్యా. ఏ పేరు మీదైతే ఏంటి?”

“అయితే నీ దుకాణం బోర్డు మీద నీ తోడల్లుడి పేరు రాయించు” అంది.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ సామెత కట్టినవాడు మా ఆవిణ్ణి చూసి ఉంటే అందులోనూ ఒక ‘రాలు’ చేర్చేవాడు. నాకే విసుగొచ్చి ఒకరోజు, “పళ్ళు రాలే వయసులో ‘రాలు’ కోసం ఈ గొడవేంటే” అన్నాను. ఎడమపక్క నిలబడే అన్నాను గానీ వినపడినట్టుంది.

“నాతోపాటు ఒక అమ్మాయి లారీ నడిపేది” అంది నా వైపు తిరక్కుండానే. “స్టీరింగు మీదే పోయింది. దానికి పెళ్ళి కాలేదు. సైనికుడూ కాదు, ఎవరి భార్యా కాదు. వీళ్ళ లెక్కన అది అసలు పుట్టనే లేదు.”

నాకు సిగ్గేసింది. మర్నాటి నుంచి దుకాణం మూసి ఆవిడతో నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను.

చివరికి పై అధికారి పిలిచాడు. మర్యాదస్తుడే. ఇద్దరికీ కుర్చీలు వేయించి మాట్లాడాడు.

“రెండు దారులున్నాయమ్మా. సార్ సైనికుడిగానే ఉండి సంతకం పెడితే, మీ సర్వీసంతా ఆయన పేరు మీదకి మార్చి రేపే పింఛను వదులుతాను.”

“నా చెవి కూడా ఆయనకి మారుస్తారా?” అంది.

అధికారి సంతకం కాగితం పక్కన పెట్టేశాడు. “రెండోది, ఉన్న మాటలే అటూ ఇటూ మార్చడం. మీరు సైనికుడు అవుతారు.” నా వైపు చూసి ఇబ్బందిగా కదిలాడు. “సార్... భార్య అవుతారు.”

వెనకాల గుమాస్తా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి మా ఆవిడ వెనక్కి తగ్గడం చూశాను.

“వద్దు” అంది నాతో. “నలుగురిలో మీరు నవ్వులపాలు కావడం నాకిష్టం లేదు. కొత్త మాట వచ్చేదాకా ఆగుదాం.”

“వాళ్ళకి మాట దొరికేదాకా మనం ఉండొద్దూ?” అన్నాను. “లారీ నడిపింది నువ్వు. ఆ మాట పక్కన నీ ఫొటో ఉండాలి. రాయండి సార్.”

“భార్య అనే రాయమంటారా?”

“భార్య అనే. అక్షరం పొల్లు పోకుండా రాయండి.”

కార్డులు మారాయి. పింఛను వచ్చింది. పీడ విరగడైందని గుమాస్తా అనుకుని ఉంటాడు, ఆవిడ సంగతి తెలీక. కొత్త కార్డు చేతికి రాగానే మా ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, “ఇప్పుడు నేను సైనికుణ్ణట. ఇదీ తప్పే” అంది. ఆ వారంలోనే పెద్ద ఆఫీసు ఉన్న ఊరికి రైలెక్కాం, లేని మాట పెట్టించడానికి. ఈసారి ఆవిడ టికెట్ కొనలేదు.

దారిలో టికెట్ కలెక్టరు వచ్చాడు. రెండు కార్డులూ తీసుకుని, ఒకసారి మా మొహాలు చూసి, ఒకసారి కార్డులు చూసి, పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ వినపడేటట్టు అడిగాడు.

“ఇద్దరిలో భార్య ఎవరు?”

“నేనే” అన్నాను.