కడుపు అడిగిన కొరడా

శుక్రవారం నమాజు అయ్యాక కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మొగుళ్ళను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. ఊళ్ళో పెద్ద పొయ్యి ఉన్న గది నాదే. నర్సు జూరా అందరినీ కంబళి మీద గుండ్రంగా కూర్చోబెట్టి, "పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డతో మాట్లాడండి. మీ గొంతు దానికి వినిపిస్తుంది" అనేది.

మొదట్లో మగవాళ్ళు సిగ్గుతో చచ్చారు. వ్యాను నడిపే మెదెర్ మాత్రం పెళ్ళాం పొట్ట మీదికి వంగి, "ఒరేయ్, బయటికొచ్చాక మీ అమ్మ పక్షం చేరావో, వ్యాను ఎక్కించను" అన్నాడు. లోపలినుంచి బిడ్డ ఒక్క తన్ను తన్నింది. అందరం విరగబడి నవ్వాం.

తాష్టాన్ చెయ్యి వేస్తే అలా జరగలేదు. గుర్రాల మీద మేక కళేబరం కోసం పెనుగులాడే ఆటలో వాడికి మా లోయంతా పేరు. పెళ్ళాం బురూల్‌కి ఏడో నెల. అంతవరకూ పొట్టలో ఈదులాడుతున్న బిడ్డ, వాడు "ఏయ్" అనగానే కదలడం మానేసింది. జూరా ఇంకోసారి పిలవమంది. మళ్ళీ అంతే.

"నీకు కూతురేలే అన్నా. కొత్తకోడల్లా నీ ముందు నోరెత్తట్లేదు" అన్నాడు మెదెర్.

తాష్టాన్ కూడా నవ్వాడు. నవ్వుతూనే అరచేత్తో పొట్టను గట్టిగా నొక్కాడు. బురూల్ పెదవి కొరుక్కుంది.

తరవాతి శుక్రవారం ఆమె నాకు పిండి పిసికి పెడతానని ముందుగా వచ్చింది. తలగుడ్డ జారితే చూశాను. చెవి నల్లగా వాచి, తమ్మె చీలి ఉంది.

"ఆవు తన్నిందా?"

"ఆవుకి ఉంగరం ఉంటుందా పెద్దమ్మా?"

రోజూ గోడకు నిలబెట్టి బిడ్డను పిలుస్తాడట. కదలకపోతే కొరడా తిరగేసి పిడితో కొడతాడట. పదిమందిలో నవ్వులపాలు చేశావు, దానికి నువ్వే నేర్పావు అంటాడట. నిన్న రక్తం కనిపించిందని చెప్పింది.

"ఇంకొక్క దెబ్బ పడితే బిడ్డ దక్కదు" అంది జూరా. అంతకుముందే బురూల్ పోలీసు దగ్గరికి వెళ్తే, వాడు తాష్టాన్ మేనమామ కొడుకు, మొగుడూ పెళ్ళాల సంగతి మనకెందుకన్నాడు. పుట్టింటికి పోతే తండ్రే తీసుకొచ్చి మళ్ళీ దింపిపోయాడు. ఇక పోవడానికి చోటు లేదు.

ఆ రోజు అందరూ చేరాక జూరా ఆడవాళ్ళను కోరికలు అడిగింది. మాలో కడుపుతో ఉన్నది అడిగితే బిడ్డ అడిగినట్టే. కాదన్నవాడు బిడ్డ దారికి అడ్డం పడ్డట్టు. వాడి ఇంట్లో ఎవరూ రొట్టె తుంచరు, ఆ ఇంటిని వెలేసినట్టే.

"నాకు తడిసిన గోడ వాసన కావాలి" అంది మెదెర్ పెళ్ళాం.

"వాసనతో ఆగితే బాగుండు. గోడలు నాకేస్తోంది. చలికాలానికి ఇల్లు మిగలదు" అన్నాడు మెదెర్.

"నీకేం కావాలమ్మా?" అని జూరా బురూల్‌ని అడిగింది.

బురూల్ తల ఎత్తలేదు. "ఆయన కొరడా."



"ఏం, తింటావా?" అన్నాడు తాష్టాన్.

"బిడ్డ అడుగుతోంది."

"ఇచ్చెయ్ అన్నా" అన్నాడు మెదెర్. ఈసారి వేళాకోళం లేదు. "తోలుముక్కేగా."

తాష్టాన్ బూటులోంచి కొరడా తీశాడు. ఇస్తున్నాడనుకుని ఆమె చెయ్యి చాచింది. వాడు ఆ చేతి మీదుగా మొహం మీద కొట్టాడు. కన్ను కిందినుంచి దవడ దాకా చీలింది. రెండో దెబ్బకి చెయ్యెత్తి పొట్టకు గురిపెట్టాడు. మెదెర్ మధ్యలో దూకాడు. తాష్టాన్ తలతో గుద్దితే మెదెర్ ముక్కు చితికి నెత్తురు కంబళి మీద పడింది. మిగతా మగవాళ్ళు మీదపడ్డారు. టీ నీళ్ళు మరుగుతున్న సమోవారు బోర్లాపడి ఎవరి కాలో కాలింది. ఎవరో పొయ్యి పక్కనున్న ఇనపకడ్డీ తీసి తాష్టాన్ మోచేతి మీద వేశారు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. వాణ్ణి గడప అవతలికి ఈడ్చి పడేశారు. అప్పుడు కూడా కొరడా వదల్లేదు.

పొద్దు కుంగకముందే తాష్టాన్ అన్నదమ్ములతో గుర్రాల మీద వచ్చాడు. చెయ్యి మెడకు కట్టుకుని ఉన్నాడు. పెద్దన్న కాల్మాత్ దిగకుండానే, "మా కోడల్ని పంపండి" అన్నాడు. మెదెర్, మిగతావాళ్ళు పారలు పట్టుకుని గేటుకు అడ్డంగా నిలబడ్డారు.

"అది ఏం అడిగిందో నీ తమ్ముడు చెప్పాడా?" అన్నాను నేను.

"ఏం అడిగింది?"

"వాడి కొరడా. కడుపు కోరిక, అందరి ముందూ అడిగింది. చేతిలో పెట్టాల్సింది మొహం మీద పెట్టాడు."

కాల్మాత్ వెనక్కి తిరిగాడు. "నిజమేనా?"

"అదేం కోరికన్నా? నన్ను ఎగతాళి చెయ్య..."

మాట పూర్తికాకుండానే కాల్మాత్ కొరడా వాడి నోటి మీద పడింది. గుర్రం బెదిరి వాణ్ణి కిందపడేసింది. కాల్మాత్ దిగి, పడినవాణ్ణి విరిగిన చేతి మీదే కొట్టాడు. వాడు అరిచినకొద్దీ కొట్టాడు. తమ్ముళ్ళు ఆపలేదు. నేనూ ఆపలేదు.

ఆయాసం తీర్చుకుని, తన కొరడానే పిడి ముందుగా గేటు మీదనుంచి నాకు అందించాడు. "దానికివ్వు. మా ఇంటివాళ్ళం ఇచ్చామని చెప్పు. ఇక్కడే కననీ."

"కన్నాక?"

"దాని ఇష్టం."

బురూల్ దాన్ని అందుకుంది. తోలు ఇంకా నెత్తురు తడిగా ఉంది. తుడవకుండానే పొయ్యిలోకి తోసి, పిడి కూడా అంటుకునేదాకా చూస్తూ కూర్చుంది. గదంతా కంపు నిండింది. తలుపు తీయబోయాను.

"తీయకు పెద్దమ్మా, చలి" అంది. పొయ్యి దగ్గరికి జరిగి, "రొట్టె ఉందా?" అని అడిగింది.