సోమవారం గుడ్డు ధర

రికార్డు పోయిందేమోనని వెతికినంతసేపూ రాగిణికి భయం వేయలేదు. అది హెలెన్ మేడమ్ బల్ల మీద ఉందని తెలిశాకే పై ప్రాణాలు పైనే పోయాయి.

"నేనే ఇచ్చేశానే. నువ్వు పామర్రులో మీ పిన్నివాళ్ళింట్లో ఉన్నావుగా. లేటైతే మేడమ్ ఊరుకోరని నా దాంతో పాటే పెట్టేశా," అంది మహెక్. పాపం, ఆ పిల్ల చేసింది ఉపకారమే. లెక్కలు చూసుకుంటానని ఆగస్టు చివర్లో పట్టుకెళ్ళిన స్నేహితురాలు, ఆ సంగతి రాగిణే మరిచిపోతే, అంతకన్నా ఏం చేస్తుంది?

అసలు తప్పంతా రాగిణిది. బీఏ మొదటి సంవత్సరం, మాక్రో ఎకనామిక్స్. ద్రవ్యోల్బణానికి గైడులో ఉన్న రెండు వాక్యాలు బట్టీ పడితే గట్టెక్కవచ్చనుకుంటే, హెలెన్ మేడమ్ అందరి చేతా రికార్డు పెట్టించారు. ఆగస్టు అయిదు మొదలు ఎనిమిది సోమవారాలు, ఎవరి పేటలో వాళ్ళు పొద్దున్నే బజారుకెళ్ళి పది సరుకుల ధరలు రాసుకోవాలి. చివర్న వాటితో ధరల సూచీ కట్టాలి. రాగిణి మూడు వారాలు బుద్ధిగా తిరిగింది. ఆ తర్వాత బద్ధకం వేసింది. రికార్డులు ముందే రాసేసుకోవడం మన కాలేజీల్లో కొత్తేమీ కాదు గనక, ఓ ఆదివారం మంచం మీద బోర్లా పడుకుని మిగతా అయిదు వారాలూ నింపేసింది. టమాటాకి రెండు రూపాయలు పెంచింది, ఉల్లికి ఓ రూపాయి తగ్గించింది.

అందులో అయిదో సోమవారం సెప్టెంబరు రెండు. ఆ పొద్దున రాగిణివాళ్ళుండే సింగ్ నగర్‌లో బజారు ఎక్కడుంది? ముందు రోజే బుడమేరు వాగు పొంగి కింది వాటాలన్నీ నీళ్ళలో ఉన్నాయి. రాగిణి రికార్డులో మాత్రం టమాటా కిలో ముప్ఫై ఎనిమిది.

దొంగ లెక్కలు రాస్తే మేడమ్ సంతకం పెట్టరు. సంతకం లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు, పరీక్ష రాయనివ్వరు. వాళ్ళ నాన్న వెంకటకృష్ణారావుకి కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు. నీళ్ళు తీశాక బురదలో నిలబడి, "కొట్టు పోతే పోయింది, నీ చదువు పోకుండా చూసుకో తల్లీ," అని పామర్రు బస్సెక్కించాడు.

మర్నాడే పిలుపొచ్చింది. గదిలో మేడమ్ ఒక్కరే ఉన్నారు. రికార్డు అయిదో వారం దగ్గర తెరిచి ఉంది.

"సెప్టెంబరు రెండున పొద్దున్న బజారుకెళ్ళావా?"

వెళ్ళానని చెప్పాలనే వచ్చింది రాగిణి. తీరా నోరు రాలేదు.

"లేదండి. ఆగస్టులోనే... ముందే రాసేశానండి."

మేడమ్ తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"వరదలో ఉన్నది నువ్వు. ఏ పుస్తకంలోనూ దొరకని ధరలు నీకు తెలుసు. అవి వదిలేసి ఇదా రాసేది? కొట్టెయ్. ఆ వేళ ఏది ఎంతకి దొరికిందో రాయి, దొరకనిది దొరకలేదని రాయి. పక్కన అమ్మినవాళ్ళ పేరుండాలి. వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కుంటా. సరిపోతే సంతకం పెడతా."

రాగిణి అడ్డంగా గీతలు కొట్టింది. టమాటా దొరకలేదు. ఉల్లి దొరకలేదు. పాలు దొరకలేదు. గుడ్డు దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది.

ఆ పొద్దున ఎదురింటి మాణిక్యమ్మగారు నడుంలోతు నీళ్ళలో నడిచొచ్చి వీళ్ళ మెట్ల దగ్గర నిలబడింది. ముడిలో దోపుకున్న వంద నోటు తీసి ఇచ్చింది. నాన్న ముందు రోజు పైకి చేరవేసిన ట్రేలోంచి నాలుగంటే నాలుగు గుడ్లు ఇచ్చాడు. ఆవిడ వాటిని కొంగులో మూటగట్టుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగింది. రాగిణికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

గుడ్డు, పాతిక రూపాయలు. వెంకటకృష్ణారావు కిరాణా.

"ఈయనెవరు?"

"మా నాన్నండి."

మేడమ్ ఆమె మొహంలోకి ఓ క్షణం చూశారు. "నెంబరు చెప్పు," అని స్పీకర్ పెట్టారు.

"వెంకటకృష్ణారావుగారాండీ? మీ అమ్మాయి లెక్చరర్‌నండీ. రికార్డు కోసం అడుగుతున్నాను. సెప్టెంబరు రెండున గుడ్డు ఎంతకమ్మారండీ?"

రాగిణి ఫోన్ వైపే చూస్తోంది.

"ఆరు రూపాయలేనండీ, ఎప్పటి రేటే. జనం అంత కష్టంలో ఉంటే ఎక్కువెలా తీసుకుంటామండీ?"

గీత కొట్టేసిన దొంగ అంకె కూడా ఆరే. మేడమ్ ఫోన్ పెట్టేసి ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకున్నారు.

"నువ్వు కొట్టేసిందే సరిపోయిందిగా. ఆరు ఉంచి సంతకం పెట్టమంటావా?"

ఊఁ అంటే చాలు. హాల్ టికెట్ వస్తుంది. రాత్రికి నాన్న ఎదురుగా కూర్చుని అన్నం తినొచ్చు. కాదంటే ఈ రెండూ ఉంటాయో లేదో తెలియదు. రాగిణి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"వద్దండి. పాతికే. నాలుగు గుడ్లకి ఎదురింటావిడ చేతిలోంచి వంద నోటు తీసుకుంది నేనేనండి."