కోరితేనే ఆగే స్టేషన్

రెండు వారాలుగా మెంగా రైళ్లలోనే కాపురం పెట్టినట్టుంది. పుట్టింది స్విట్జర్లాండ్‌లోనే అయినా, పెళ్లయి అర్జెంటీనా వెళ్లిపోయిన మనిషి కాబట్టి పర్యాటకులకిచ్చే పాసు కొనుక్కుంది. పుట్టిన దేశంలో చుట్టపుచూపుగా తిరగడం మొదట్లో కాస్త చురుక్కుమంది. అదే పాసు మీద సరస్సులో పడవ కూడా ఎక్కనిస్తారని తెలిశాక అభిమానాన్ని పక్కన పెట్టింది. జ్యూరిక్, లూట్సెర్న్, బెర్న్ అన్నీ చూసింది. అన్నీ పెద్ద బళ్లే, అన్నీ ఆగాల్సిన చోట ఆగేవే. తను ఇన్ని ఊళ్లు ఎందుకు తిరుగుతోందో ఆమెకు తెలుసు. సుర్లావా వెళ్లడానికి ధైర్యం కూడగట్టుకుంటోంది.

సుర్లావా ఆమె పుట్టిల్లు. అక్కడ తమ్ముడు బాల్ట్సర్ ఉన్నాడు. తల్లి పోయినప్పుడు మెంగా రాలేకపోయింది. అప్పుడు భర్త ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ మాట ఫోన్లో చెబితే తమ్ముడు చివరిదాకా విన్నాడు. విని పెట్టేశాడు. మళ్లీ మాట్లాడలేదు.

ఆ ఊరి శ్మశానంలో ఏ సమాధి అయినా పాతికేళ్లే. తర్వాత రాయి తీసేసి, నేల చదును చేసి ఇంకొకరికి ఇచ్చేస్తారు. చోటు తక్కువ, చావులు తక్కువేం కాదు. వచ్చే వారం తల్లి వంతు. అందుకని బాల్ట్సర్ తన భార్య ఉర్సినా చేత ఫోన్ చేయించాడు. మంగళవారం పొద్దుటి బండికి వస్తే ప్లాట్‌ఫారం మీద ఉంటాడట. ఇద్దరూ కలిసి అమ్మ దగ్గరికి వెళ్లాలట. మెంగా విమానం బుధవారమే. వెళితే ఇప్పుడే వెళ్లాలి.

కొండ ఎక్కే ఆ బండికి ఉన్నవి రెండే పెట్టెలు. ఎదుటి సీట్లో ఒక లావుపాటి ఆవిడ, ఆవిడ కాళ్ల దగ్గర ఒక ముసలి కుక్క.

"భయపడకండి, వీడు కరవడు. వీడికి టికెట్ కూడా కొన్నాను, మర్యాదస్తుడే," అందావిడ.

"నాది పర్యాటకుల పాసు. నాకంటే వీడే ఈ దేశం వాడు."

"మాట వింటే మా కొండల మనిషిలాగే ఉన్నారు?"

"మాటొక్కటే మిగిలిందండీ."

"చుట్టాలింటికా?"

"తమ్ముడింటికి."

"కేకు చేయించి ఉంటాడు, ఇంకేం."

"తలుపు తీస్తే చాలు," అంది మెంగా.

ఆవిడ నవ్వి, కాసేపటికి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

ఊరు దగ్గరపడుతుంటే మెంగా కోటు గుండీలు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. సుర్లావా పేరు చెప్పి, అక్కడ కోరితేనే ఆగుతుందని గోడలోని స్పీకర్లోంచి ఒక ఆడగొంతు పలికింది. మెంగా చిన్నప్పుడూ అంతే. ప్లాట్‌ఫారం మీద మనిషి కనిపిస్తే డ్రైవరు ఆపేవాడు, లేకపోతే చేయి ఊపి వెళ్లిపోయేవాడు. ఇవాళ మనిషి ఉన్నాడు. మలుపు తిరగ్గానే కనిపించాడు. నల్లకోటు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది. మెంగా తలుపు అద్దానికి దాదాపు మొహం ఆనించింది. తమ్ముడు తనను చూశాడు. చూసి టోపీ కాస్త పైకెత్తాడు.

బండి ఆగలేదు. ఎత్తిన టోపీ ఎత్తినట్టే వెనక్కి జారిపోయింది.

"ఆపండి," అంది మెంగా, ఎవరితోనో. కుక్క లేచింది, ఆవిడా లేచింది.

"అయ్యో, బటన్ నొక్కలేదా మీరు? అదుగో, తలుపు పక్కనే."

"మనిషి నిలబడి ఉన్నాడు కదండీ."

"ఇప్పుడు మనుషుల్ని చూసి ఆపరమ్మా. బటన్ చూసి ఆపుతారు."

పై స్టేషన్లో దిగి, చలిగాలిలో కూర్చుని, కిందికి వెళ్లే బండి ఎక్కింది. ఎక్కిన మరుక్షణమే బటన్ నొక్కింది. దీపం వెలిగినా నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉంది.

సుర్లావాలో బండి బుద్ధిగా ఆగింది. బల్ల మీద ఉర్సినా ఒక్కతే కూర్చుని ఉంది.

"వాడేడీ?"

"కూర్చోండి వదినా. ఆవుల దగ్గరికి, కొండ మీది పాకకి వెళ్లిపోయాడు. ఫోను వంటింట్లో వదిలేశాడు."

"నాకా బటన్ సంగతి తెలియదు ఉర్సినా. వాణ్ని చూసి ఆపుతారనుకున్నాను."

"నేనూ అదే అన్నాను, తెలిసి ఉండదని. అసలు బండి రాకముందే చెప్పాను. ఇక్కడ ప్లాట్‌ఫారం మీదా ఒక బటన్ ఉంది, నువ్వు నొక్కు, ఆగుతుంది అని. వింటేనా? నేనెక్కడికీ వెళ్లట్లేదు, ఎక్కనివాడు నొక్కకూడదు, దిగాలనుంటే అక్కే నొక్కుతుంది అన్నాడు."

"నొక్కితే ఏం పోయేది?"

"మీ తమ్ముడు ఎడారిలో ఎర్రదీపం కనబడినా ఆగిపోయే మనిషి. మీకు తెలియనిదా?"

మెంగాకు తెలుసు. తమ తండ్రీ అలాంటివాడే. ఆ మాటకొస్తే తనూ తక్కువదేం కాదు.

"తలుపు దగ్గరే నిలబడ్డాను కదే."

"అదే వదినా వచ్చిన చిక్కు. తలుపు దాకా వచ్చి, నా మొహం చూసి, వద్దనుకుంది అన్నాడు. ఇక నోరు విప్పలేదు."

"పాకకి నడుద్దాం పద."

"మీ మోకాళ్లతో చేరేసరికి చీకటి పడుతుంది. చేరినా లోపల గడియ వేసుకుంటాడు. నేను ముప్పై ఏళ్లుగా కొడుతున్న తలుపే అది."

మెంగా లేచి, "అమ్మ దగ్గరికి తీసుకెళ్లు," అంది.

చర్చి వెనక శ్మశానం గోడకు, సమాధుల మీది పూలమొక్కలకు పోసే ఆకుపచ్చ నీళ్లడబ్బాలు వరసగా వేలాడుతున్నాయి. ఉర్సినా అందుకోబోతే మెంగా ఒప్పుకోలేదు. ఈ ఒక్కటైనా తను చేయాలి. డబ్బా నిండా నీళ్లు పట్టి, రెండు చేతులా మోస్తూ, మధ్యలో ఒకసారి దించుకుని ఊపిరి తీసుకుని, తల్లి రాయి దగ్గరికి చేరింది.

అక్కడ మొక్కల చుట్టూ మట్టి నల్లగా తడిసి ఉంది. ఎండుటాకు ఒక్కటీ లేదు. వాడిన పూలు గిల్లేసి ఉన్నాయి. ఆకుల చివర నీటిబొట్లు ఇంకా వేలాడుతున్నాయి. తమ్ముడు స్టేషన్ నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చి, అంతా చేసి వెళ్లాడు.

మెంగా నిండు డబ్బాతో అలాగే నిలబడింది.

"ఇంకా పోస్తే వేళ్లు కుళ్లిపోతాయి వదినా," అంది ఉర్సినా మెల్లగా.

"వచ్చే వారం పీకేసేవే కదా," అంది మెంగా.

అయినా పోయలేదు. డబ్బాను రాయి పక్కన దించింది.