భుజం మీద చెయ్యి

పెద్దది చేయమని నా ప్రింటింగ్ షాపుకి వచ్చే ఫోటోల్లో సగం వాటికి ముక్కూ మొహం ఉండదు. ఎవరో పంపింది ఇంకెవరో పంపగా, దానికి మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి తెస్తారు. గోడకి పట్టేంత చేయమంటారు. చేస్తాను. పిక్సెల్ చుక్కలు లేని చోట కంప్యూటరు ఊహించి నింపుతుంది. వాళ్లు అచ్చం అలాగే ఉందని మురిసిపోతారు. ఊహించిందని నేను చెప్పను. ఎవరూ అడగరు కూడా.

ఆ మధ్యాహ్నం కొరియరాయన వచ్చాడు. రెండేళ్లుగా మా షాపుకి పార్సిళ్లు తెచ్చే మనిషే. ఎప్పుడూ గుమ్మంలోనే సంతకం పెట్టించుకుని పోయేవాడు, ఆ రోజు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. నాకు అనుమానం వచ్చింది. నేనసలే అనుమానం పక్షినని మా ఆయన అంటూనే ఉంటాడు.

"మేడమ్, ఈ ఫోటో పెద్దది చేయాలి. మా ఆవిడ. మొహం అక్కర్లేదు, ఈ చెయ్యి చేయండి చాలు."

ఆవిడ వాట్సాప్ డీపీకి తీసిన స్క్రీన్‌షాట్ అది. తపాలా బిళ్లంత ఉంది. ఆవిడ నవ్వుతోంది, భుజం మీద ఎవరివో నాలుగు వేళ్లు. ఆ వేళ్ల మనిషిని అంచు దగ్గర కోసేశారు.

"ఎవరిదండీ చెయ్యి?"

"అదే తెలియాలి."

"ఆవిడనే అడగొచ్చుగా?"

"అడిగితే అనుమానిస్తున్నానని తెలిసిపోదూ?"

నవ్వు ఆపుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ చెయ్యి ఎవరిదో చూడాలని నాకూ ఆత్రంగానే ఉంది. ఎనిమిది రెట్లు పెంచాను. వేళ్లు తేటపడ్డాయి, గోళ్లు వచ్చాయి, ఉంగరపు వేలికి ఎర్ర రాయి ఉంగరం ఒకటి మెరిసింది. ఆయన మొహం మాడిపోయింది.

"మా ఆవిడ పనిచేసే చోట సూపర్‌వైజర్‌ది," అన్నాడు నెమ్మదిగా. "ఎర్ర రాయే, నేను చూశాను. ప్రింట్ తీయండి. వాళ్లన్నయ్య ముందు పెట్టి, మీ చెల్లెల్ని తీసుకుపొమ్మంటాను ఇవాళే."

స్క్రీన్‌షాట్‌లో ఉన్నవి నాలుగైదు ఎర్ర చుక్కలు. వాటిని ఉంగరం చేసింది నా కంప్యూటరు.

"ఆగండాగండి. ఇది కనిపించనిదాన్ని కల్పిస్తుంది, అంతే. అది ఉంగరమో ఏమో ఎవరికి తెలుసు," అంటూ సెట్టింగు మార్చి మళ్లీ చేశాను. ఉంగరం పోయి, వేలికి దెబ్బ తగిలినట్టు వచ్చింది. మూడోసారి వేళ్లు ఐదయ్యాయి, బొటనవేలు కాకుండానే.

"చూశారా? ఇప్పుడు ఆరువేళ్లవాణ్ణి వెతుకుతారా?"

"మొదటిదే కరెక్టు మేడమ్."

"ఎలా చెప్తారు?"

"నేననుకున్నట్టే వచ్చింది కదా."

నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ నోరు మెదపకుండా ఇలాంటివే ఫోటోలని చెప్పి అమ్మినందుకు నా మీద నాకే ఇంకా మండింది.

"ప్రింట్ తీయను. అసలు ఫోటో తెప్పించండి. పెద్దది చేయిస్తున్నాను, డాక్యుమెంటులా పంపమని మెసేజ్ పెట్టండి. మామూలుగా పంపితే వాట్సాప్ మళ్లీ కుదించేస్తుంది."

"పంపదు, చూస్తూ ఉండండి," అని గొణుగుతూనే టైపు చేశాడు.

రెండు నిమిషాల్లో వచ్చింది. తెర మీద తెరిచాను. పార్కులో బెంచీ, ఆవిడ, ఆవిడ పక్కన కొరియరాయన. చెయ్యి ఆయనదే. ఉంగరపు వేలికి ఎర్ర రబ్బరు బ్యాండు. రసీదుల కట్టకి వేసే బ్యాండు తీసి వేలికి చుట్టుకోవడం ఆయనకి అలవాటు. ఆ క్షణాన కూడా ఒకటి ఉంది. ఇద్దరం దాని వైపే చూశాం.

"నా చెయ్యే," అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఆయన మొహం మాత్రం విప్పారలేదు.

"మరి నన్నెందుకు కోసేసింది?"

ఫోటో కింద ఆవిడ మెసేజ్ ఉంది: 'ఇందులో మీరు సరిగ్గా పడలేదు. నన్ను మటుకే చేయించండి.'

"సరిగ్గా పడకపోవడం ఏంటి? మేడమ్, నా మొహం పెద్దది చేయండి."

ఈసారి కంప్యూటరుకి ఊహించే పని పడలేదు, అసలు ఫోటోలో అన్నీ ఉన్నాయి. ఆయన మొహం తెర నిండా వచ్చింది, గడ్డం మీద వెంట్రుకలతో సహా. ఆవిడ కెమెరా వైపు చూసి నవ్వుతోంది. ఆయన కళ్లు కెమెరా వైపు లేవు. మెడ కాస్త సాచి, ఆవిడ ఒళ్లో వెలుగుతున్న ఫోన్‌లోకి చూస్తున్నాడు.

నేను మౌస్ వదిలేశాను. ఆయన ఆ మొహాన్నే చూశాడు.

"ఆవిడ చెప్పినట్టే తీయండి మేడమ్," అన్నాడు.