ఖాళీ ఇళ్ల లెక్క

పట్టికలమ్మ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని గళ్లూ అంకెలూ చూస్తుందని ఎవరో సరదాకి పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. పల్లెల తరఫున ఇళ్ల కోసం అర్జీలు రాసే చిన్న సంస్థ అది. రెండు గదులు, మూడు కుర్చీలు. ప్రభుత్వం అందరికీ కనపడేలా పెట్టిన లెక్కల్ని దించుకుని, ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు తక్కువో తేల్చడం ఆమె పని. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఒక్కతే ఉంటుంది. మధ్యాహ్నం డబ్బా కూడా తెర ముందే విప్పుతుంది. అంకెలు ఎదురు మాట్లాడవు గనక వాటితో తనకు బాగా కుదిరిందని అనుకునేది.

ఈసారి ఒక ఊరి అర్జీ మూడోసారి తిరిగొచ్చింది. జనగణన ప్రకారం ఆ ఊళ్లో నూటపది ఇళ్లు, అందులో నలభై మూడు ఖాళీ. ఐదో వంతుకు మించి ఖాళీగా ఉంటే కొత్త ఇళ్లు మంజూరు చేయకూడదని నిబంధన. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఈ ఊరివాళ్లకు కట్టడం దాకా రానేలేదు, కాగితాల దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. శుక్రవారంలోగా అభ్యంతరం చెప్పుకోకపోతే మళ్లీ జనగణన జరిగేదాకా వాళ్ల గోడు వినేవాడు ఉండడు.

కానీ పట్టికలమ్మకు ఎక్కడో తేడా కొట్టింది. కరెంటు శాఖవాళ్ల లెక్కలు తీసి పక్కన పెట్టుకుంది. ఆ ఊళ్లో ఎనభై ఎనిమిది ఇళ్ల మీటర్లు నెలనెలా తిరుగుతున్నాయి. జనం ఉన్నారని రాసిన ఇళ్లు మాత్రం అరవై ఏడే. అంటే ఇరవై ఒక్క ఖాళీ ఇళ్లలో ఎవరో దీపాలు వేసుకుంటున్నారు. దయ్యాలకైతే కరెంటు అక్కర్లేదు కదా. ఆ ఇరవై ఒకటీ తీసేస్తే ఖాళీ ఇళ్లు ఇరవై రెండు, సరిగ్గా ఐదో వంతు. ఆ ప్రతి ఇంటి నుంచీ ‘మేం ఇక్కడే ఉంటున్నాం’ అని సంతకం కావాలి. ఒక్కటి తగ్గినా అంతా బూడిదలో పోసిన పన్నీరే.

బుధవారం మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లింది. ఆ ఊరికి ఉత్తరాలు పంచే పోస్టమ్మ సంగతంతా విని నవ్వింది. ఊళ్లో చాలామంది దగ్గర్లోని కోల్డ్ స్టోరేజీలో రాత్రి షిఫ్టు చేస్తారట. తెల్లారి వచ్చి, వీధి తలుపుకు బయట తాళం పెట్టి, చుట్టూ తిరిగి పెరటి తలుపులోంచి లోపలికెళ్లి పడుకుంటారట. తాళం చూస్తే ఎవరూ తట్టి లేపరని వాళ్ల ఏర్పాటు. జనగణన లెక్కలు రాసే మనిషి వచ్చిన మూడుసార్లూ పట్టపగలే వచ్చాడు. తాళాలు చూశాడు, ఖాళీ అని రాసుకుపోయాడు. నిద్రపోయేవాళ్లను లేపడం బాగుండదని ఇరుగుపొరుగువాళ్లు నోరు మెదపలేదు. మర్యాదకు పోయి ఊరు ఊరంతా కాకిలెక్కలో పడింది.

నాలుగింటికి నిద్రలు లేచే వేళకు ఇద్దరూ పెరటి దారిన బయల్దేరారు. ఏ ఇల్లు చూసినా ఒకటే గది, రెండు సంసారాలు. పగలు పనికెళ్లేవాళ్లు లేచిన మంచం మీదే రాత్రి పని నుంచి వచ్చినవాళ్లు నడుం వాలుస్తారు. “మా మంచం చల్లారిందే లేదమ్మా” అంది ఒకావిడ, సంతకం పెడుతూ. ఐదున్నరకల్లా ఇరవై సంతకాలయ్యాయి.

ఇరవై ఒకటో ఇంటి దగ్గర పోస్టమ్మ వెనక్కి తగ్గింది. ఆ ఇంటావిడకు ఉత్తరాలు రావు, అందుకని తనకు పరిచయం లేదట. ఆమె కోల్డ్ స్టోరేజీలో పని మానేసి మూడేళ్లయిందని మాత్రం ఊళ్లో విందట. ఇంకో మనిషి లేని ఇల్లు. అయినా వీధి తలుపుకు తాళం వేలాడుతూనే ఉంది.

పెరటి తలుపు తీసిన మనిషికి అరవై దాటి ఉంటాయి. గుమ్మంలో అడ్డంగా నిలబడే అంతా వింది. లెక్క రాసే అతను వచ్చినప్పుడు తను లోపలే ఉందట. అతని అడుగుల చప్పుడు వినపడిందట. పిలుస్తాడేమోనని చూసిందట.

“ఖాళీ అనే కదా రాశాడు? సరిగ్గానే రాశాడులే” అంది.

పట్టికలమ్మ కాగితం ఆవిడ చేతికిచ్చింది. పక్కింట్లో తొమ్మిది మంది ఒకే గదిలో పడుంటున్నారని, ఈ ఒక్క సంతకంతో వాళ్లకు ఇల్లొస్తుందని చెప్పింది. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“సంతకం పెడితే, నిజంగా ఉన్నానా లేదా అని చూసిపోవడానికి ఎవరన్నా వస్తారా?”

వస్తారని అనేస్తే పని జరిగిపోతుంది. ఆ కళ్లల్లో ఆశ చూస్తే అలా అనేయడం ఎంత తేలికో పట్టికలమ్మకు తెలుస్తూనే ఉంది. కానీ తెలిసి తెలిసి ఒక్క తప్పుడు అంకె కూడా వేయని మనిషాయె.

“రారక్కా. సంతకం పెడితే పని అయిపోయినట్టే. ఇంకెవరూ రారు.”

ఆవిడ కాగితాన్ని మడత పెట్టింది. ఇక సంతకం రాదనుకుని పట్టికలమ్మ కాగితం కోసం చెయ్యి చాచింది.

“వస్తారని అనుంటే పెట్టేదాన్ని కాదు. ఆ మాట చెప్పి రానివాళ్లను చాలామందిని చూశా” అని, పెన్ను తీసుకుంది.

రెండు నెలలకు ముప్ఫై ఒక్క ఇళ్లు మంజూరయ్యాయి. ఆఫీసులో పెద్దసారు మెచ్చుకుని, ఏ ఇంటికి ఎంత అవసరమో చివరి పట్టిక వేయమన్నాడు. పట్టికలమ్మ వరస వరసా దిగుతూ వచ్చింది. గది ఒకటి, మనుషులు తొమ్మిదిమంది, లోటు ఉంది. గది ఒకటి, మనుషులు ఏడుగురు, లోటు ఉంది. ఆవిడ వరస వచ్చింది. గది ఒకటి, మనిషి ఒకరు, లోటు లేదు. సూత్రం తను రాసిందే, తప్పేమీ లేదు. ఏం బుద్ధి పుట్టిందో, కింద ఇంకో వరసలో తన ఇల్లు వేసి చూసుకుంది. గదులు రెండు, మనిషి ఒకరు, లోటు లేదు. దాన్ని చూస్తూ ఆమె ఏడ్చింది. ఆ వరస చెరిపేసి, పట్టిక పంపించి, ఇంటికెళ్లింది.

ఆదివారం ఉత్త చేతులతో బస్సెక్కింది. పెరటి దారిన వెళ్లి తలుపు తట్టింది. ఆవిడ తలుపు తీసి, ముందు ఆమె చేతుల వంక చూసింది.

“ఇంకా సంతకాలేమన్నా మిగిలాయా?”

“లేదక్కా, ఊరికే వచ్చాను.”

ఆవిడ నమ్మనట్టు, ఆమె వెనకాల ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూసింది. తర్వాత గుమ్మంలోంచి పక్కకు జరిగి, చెప్పులు అక్కడ విప్పి రమ్మంది.